సైబీరియా నుంచి రావు ఈ గూడబాతులు

చలికాలం మొదలైందంటే మన పత్రికల్లో ఒక వార్త తప్పకుండా పడుతుంది. కొల్లేటి ఆటపాకలోనో ఉప్పలపాడులోనో తేలినీలాపురంలోనో చెట్ల నిండా వాలిన పెద్దపెద్ద పక్షుల ఫొటో, దాని కింద 'సైబీరియా నుంచి వేల మైళ్లు ఎగిరొచ్చిన విదేశీ అతిథులు' అన్న మాట. నిరుటి కంటే ఈ ఏడు ఎక్కువ వచ్చాయని ఒక లెక్క. చదివినవాళ్లకు సంతోషం. ఆ సంతోషం చాటునే ఒక అభిప్రాయం జనంలో గట్టిపడిపోయింది. పక్షులకేం, వేలల్లో ఉన్నాయి. ఊళ్లకీ పట్నాలకీ అలవాటుపడ్డాయి. చెరువులో నాలుగు చెట్లుంటే వాటికి చాలు. ఇక్కడ కొన్ని పోయినా వచ్చే ఏడు అక్కణ్ణుంచి మళ్లీ వస్తాయి. మచిలీపట్నంలో, గుడివాడలో, అవనిగడ్డలో, నాగాయలంక రేవులో చదువుకున్నవాళ్లు కూడా ఇదే మాట అంటారు. పర్ర భూములు రొయ్యల చెరువులైనా, డ్రైను గట్టు మీద చెట్లు కొట్టేసినా ఎవరికీ పట్టకపోవడానికి ఈ ధీమాయే కారణం. ఈ అభిప్రాయం మొదలంటా తప్పు.

సైబీరియాతోనే మొదలుపెడదాం. ఆటపాకలో గూడు కట్టే గూడబాతు, దాని పక్కన కనిపించే ఎర్రకాళ్ల కొంగ, నత్తలు తినే గుల్లకొంగ, తెల్లకంకణం, నీటికాకి, పాముమెడ పక్షి, వీటిలో ఒక్కటీ సైబీరియాది కాదు. ఇవన్నీ ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, ఇక్కడే పిల్లల్ని చేసే పక్షులు. మన గూడబాతు ప్రపంచం మొత్తం మీద ఇప్పుడు గూడు కట్టేది దాదాపుగా మూడే దేశాల్లో: భారతదేశం, శ్రీలంక, కాంబోడియా. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు, ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు నీళ్లనీ చేపల్నీ బట్టి తిరుగుతుంది తప్ప ఏ మంచుదేశం నుంచీ రాదు. ఉత్తరాది నుంచి వచ్చేవి లేకపోలేదు. సూదితోక బాతులు, తలమీద నల్లగీతల బాతులు, కృష్ణా మొగల దగ్గర ఒండ్రులో ముక్కు గుచ్చుకుంటూ తిరిగే చాలా రకాల ఉల్లంకి పిట్టలు మధ్య ఆసియా, సైబీరియా వైపు నుంచి వచ్చేవే. కానీ ఫొటోలో ఉన్నవి అవి కావు. ఎవరో అతిథులనుకుని మనం లెక్కచేయనివి మన సొంత పక్షులు. వాటి మూలధనం మన చెరువుల్లోనే ఉంది. ఇక్కడ అది కరిగిపోతే తెచ్చి పూరించడానికి ఇంకెక్కడా గోదాము లేదు.

కరిగిపోవడమంటే ఊహ కాదు. కె.కె. నీలకంఠన్ అనే మలయాళ పక్షిశాస్త్రవేత్త 1940ల చివర పశ్చిమ గోదావరిలో ఆరేడు అనే ఊళ్లో గూడబాతుల గూళ్ల గురించి రాశాడు. ఊరి చెట్ల మీద, మనుషుల మధ్య ఉన్న గూళ్లవి. తర్వాతి దశాబ్దాల్లో ఆ గూళ్లు ఖాళీ అయిపోయాయి. ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం తూర్పుకి వెళ్లండి. మన కోస్తా జిల్లాల నుంచి వేలాదిమంది కూలికి బర్మాలోని రంగం వెళ్లిన కాలంలోనే, అక్కడి సిట్టాంగ్ మైదానాల్లో ఈ గూడబాతులు లక్షల్లో గూళ్లు కట్టేవని 1877లో పక్షుల్ని పరిశీలించిన ఓట్స్ రాశాడు. 1940లు వచ్చేసరికి ఆ గుంపు ఆనవాలు లేకుండా పోయింది. లక్షల్లో ఉన్న పక్షి డెబ్భై ఏళ్లు తిరక్కుండా మాయమైంది. కాబట్టి వేలల్లో ఉన్నాయన్న మాట ధైర్యం చెప్పే మాట కాదు.

తలల లెక్క గురించి ఇక సూటిగా మాట్లాడుకుందాం. భారత ఉపఖండంలో 1987 నుంచీ ప్రతి జనవరిలో నీటిపక్షుల గణన జరుగుతోంది. మంచి పని, ఆపకూడని పని. కానీ ఆ లెక్క చెప్పేది ఆ రోజు ఆ నీళ్ల మీద ఎన్ని తలలున్నాయన్నదే. వాటిలో గూడు కట్టినవెన్ని, పిల్లలు బతికినవెన్ని, ఆ పిల్లలు ఎన్ని వేర్వేరు జతలకు పుట్టాయి అన్నది ఆ లెక్కలో ఉండదు. జాతి బతుకు తేలేది మాత్రం అక్కడే.

చిన్న లెక్క ఒకటి చేసి చూడండి. నాలుగు తరాలు తీసుకోండి. మూడు తరాల్లో వెయ్యేసి పక్షులు పిల్లల్ని చేశాయి. మధ్యలో ఒక్క తరంలో తుపాను వల్లో రోగం వల్లో ఇరవైయే మిగిలి పిల్లల్ని చేశాయి. మామూలు సగటు 755. బాగానే ఉందనిపిస్తుంది. కానీ జన్యుశాస్త్రం ఆ సగటు తీసుకోదు. ఎందుకంటే ఆ ఇరవై పక్షుల ఒంట్లో లేని గుణం ఏదీ తర్వాతి వెయ్యిలో ఉండే వీలు లేదు. ఇరుకు తరానికే బరువెక్కువ ఇచ్చి లెక్కగడితే వచ్చే సగటు 75. అంటే కంటికి వెయ్యి కనిపిస్తున్నా, వారసత్వం లెక్కలో ఆ గుంపు విలువ డెబ్భై అయిదు. ఇరవై పక్షులే మిగిలిన తరంలో ఉన్న వైవిధ్యంలో నూటికి రెండున్నర వంతులు ఆ ఒక్క తరంలోనే పోతాయి. అరుదైన గుణాలు ఇంకా ఎక్కువగా, ఒక్క దెబ్బకే పోతాయి. తర్వాత సంఖ్య ఎంత పెరిగినా పోయినవి తిరిగి రావు. కొత్త మార్పులు పుట్టి ఆ ఖాళీ నిండాలంటే వేల తరాలు పడతాయి.

ఈ గుణాలేమిటి, పోతే ఏమవుతుంది అని అడిగేవాళ్లకు డెల్టా రైతు కంటే బాగా చెప్పగలిగేవాడు లేడు. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, మనం బీపీటీ అని పిలిచే 5204, ఎకరాలకు ఎకరాలు పరుచుకుంది. అన్నం బాగుంటుంది, ధర పలుకుతుంది. ఆకు ఎండు తెగులు వస్తే మాత్రం ఒక మడి తట్టుకుని ఇంకో మడి పోవడమంటూ ఉండదు, అన్నీ ఒకటే విత్తనం కనుక అన్నీ ఒకేలా ఎండుతాయి. దాన్ని నిలబెట్టడానికి హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, వరి పరిశోధన సంస్థ కలిసి తెగులును ఆపే మూడు జన్యువుల్ని అందులోకి తెచ్చి 2008లో కొత్త సాంబ మసూరిని విడుదల చేశాయి. ఆ మూడింటిలో ఒకటి ఆఫ్రికాలోని ఒక అడవి వరి నుంచి వచ్చింది. ఎవరూ తినని, ఎవరూ సాగు చేయని గడ్డి అది. పనికిరాదని ఎవరో దున్నేసి ఉంటే మన చేలకు ఆ రక్షణ లేదు. పక్షుల గుంపులోనూ అంతే. ఏ పురుగునో ఏ వైరస్‌నో తట్టుకునే గుణం వెయ్యిలో ఏ పాతిక పక్షుల్లోనో దాగి ఉంటుంది. రోగం రాని ఏడాది ఆ పాతికకూ మిగతా వాటికీ తేడా తెలియదు. వచ్చిన ఏడాది ఆ పాతికే జాతిని దాటిస్తాయి. వరికైతే బయట నుంచి తెచ్చి కలిపే శాస్త్రవేత్తలున్నారు. గూడబాతుకు ఆ కలిపేవాళ్లు లేరు, తెచ్చుకోవడానికి ఇంకో అడవి గూడబాతు కూడా లేదు.

రోగం వచ్చిన ఏడాది మన కళ్లముందే గడిచింది. 2021 చివర, 2022 మొదట్లో శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చెట్ల మీద గూడబాతులు ఉన్నట్టుండి రాలిపోయాయి. వందకు పైగా చచ్చిపోయాయి. చేపల ద్వారా కడుపులోకి చేరిన నులిపురుగులు కారణమని తేల్చారు. కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరులో అంతకుముందే ఇలాంటి చావులు జరిగాయి. 2025 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ మన గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లోకి వచ్చింది. తణుకు దగ్గర వేల్పూరుకీ కొల్లేటికీ మధ్య దూరమెంత? కోళ్లఫారం మూసేసి, కొత్త పిల్లల్ని తెచ్చి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఆటపాకలో ఆ రోగం దిగితే కొత్త పిల్లల్ని ఏ హేచరీ నుంచి తెస్తాం?

ఆటపాకలో గూళ్ల దగ్గరికి పడవలో వెళ్లి చూసినవాళ్లకు ఈ భయం ఎందుకో అర్థమవుతుంది. చెట్లు చాలక అటవీ శాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. ఆ స్టాండ్ల మీద గూడుకు గూడు ఆనుకుని ఉంటుంది. పుల్లలు ఒకదాని గూట్లోవి ఇంకోదానికి తగులుతుంటాయి. తల్లి వాలగానే పిల్ల రెక్కలు కొట్టుకుంటూ దాని గొంతుసంచిలోకి తల, మెడ దాకా దూర్చి లోపలి చేపను లాక్కు తింటుంది. పైగూట్లోంచి రెట్ట కింది గూట్లో పడుతుంది. జారిపడిన చేప కిందే కుళ్లుతుంది. చూడ్డానికి నిండుగా ఉంటుంది, నిజమే. కానీ ఒక చోటు నిండుగా ఉందంటే మిగతా చోట్లు ఖాళీ అయ్యాయని కూడా అర్థం ఉంటుంది. పది ఊళ్ల చెట్ల మీద ఉండాల్సిన గూళ్లు ఒక్క చెరువులోకి వచ్చి పడ్డాయి. పైగా మన దగ్గర గూడబాతు గూడు కట్టే కాలమూ బంగాళాఖాతంలో తుపాన్లు లేచే కాలమూ ఒకటే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి గాలి సూటిగా ఒక్క చెరువు మీదుగా పోతే ఒక తరం పిల్లలు మొత్తం పోతారు. ఇందాకటి లెక్కలోని ఇరవై అలాంటి రోజునే వస్తుంది.

ఎదుటివాళ్ల వాదనల్లో గట్టిది ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. పక్షికి రెక్కలున్నాయి కదా, ఎక్కడి పక్షి ఎక్కడికైనా పోయి కలుస్తుంది, జన్యువులు వాటంతట అవే కలుస్తాయి, పట్నం చెరువులో ఉన్నంత మాత్రాన లోలోపల సంబంధాలతో క్షీణించవు అంటారు. ఇందులో నిజముంది. తరానికి ఒకటి రెండు పక్షులు వేరే గుంపు నుంచి వచ్చి పిల్లల్ని చేసినా రెండు గుంపులూ మరీ విడిపోకుండా ఉంటాయన్నది జన్యుశాస్త్రంలో పాత సూత్రమే. గూడబాతుల గూళ్లున్న నేలపట్టు, ఉప్పలపాడు, కొల్లేరు, తేలినీలాపురం ఒకదానికొకటి అందే దూరంలో ఉండటం మన అదృష్టం. కానీ ఆ సూత్రం పనిచేయాలంటే కలవడానికి ఎదుట ఇంకో గుంపు ఉండాలి. అన్ని గుంపులూ ఒకటి రెండు చెరువుల్లోకి కుంచించుకుపోయాక రెక్కలు ఎంత బలంగా ఉన్నా ఎవరితో కలుస్తాయి? కలయిక ఉన్న వైవిధ్యాన్ని పంచుతుంది, అంతే. పోయినదాన్ని పుట్టించలేదు. ఇంకో సంగతి. ఎగిరి రావడం వేరు, గూడు కట్టడం వేరు. మేతకు వచ్చి వెళ్లిన పక్షి ఆ గుంపుకు ఏ గుణాన్నీ ఇచ్చిపోదు.

ఇక పట్నానికి అలవాటుపడ్డాయన్న మాట. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరం నడిబొడ్డున ఆల్బర్ట్ పార్క్ చెరువులో నల్లహంసలుంటాయి. మనిషి దగ్గరికి పోయినా లేవవు. ఊరి బయట నీళ్లలో ఉండే నల్లహంసలు దూరం నుంచే లేచిపోతాయి. అందరూ అలవాటు అనుకున్నారు. 2015లో వెలువడిన పరిశోధనలో ఆ రెండు గుంపుల రక్తం పరీక్షించి చూస్తే, బెదురుతో సంబంధం ఉన్న ఒక జన్యువు రూపాలు రెండు చోట్లా ఒకే పాళ్లలో లేవు. బెదురు తక్కువ ఉన్నవి పట్నంలో నిలిచాయి, బెదురు ఎక్కువ ఉన్నవి అసలు పట్నంలో దిగలేదన్నదే పరిశోధకులకు తోచిన కారణం. దీని అర్థం బాగా ఆలోచించాలి. మన బస్టాండు పక్క నిద్రగన్నేరు చెట్టు మీద గూడు కట్టిన కొంగను చూపించి, కొంగజాతి మొత్తం పట్నానికి అలవాటుపడిందంటున్నాం. మనకు కనబడుతున్నది జల్లెడలో మిగిలినవి. జారిపోయినవి మన కంట పడవు కనుక అవి లేవనుకుంటున్నాం. ఆ జారిపోయినవాటికి చోటు దివిసీమలో ఏటిమొగ అవతలా, సొర్లగొంది దిగువనా, మడ అడవిలోనూ పర్రలోనూ ఉంది. అది కూడా పోతే జాతిలో బెదురు గుణం ఉన్నవి పోతాయి. మనుషుల్ని నమ్మే పక్షులే మిగలడం జాతికి మేలు కాదు. మనిషి వల వేసిన రోజు, చెట్టు కొట్టిన రోజు వాటిని కాపాడేది ఆ బెదురే.

అసలు పట్నం పక్షి పట్నం మీద బతకదు. ఢిల్లీ జంతుప్రదర్శనశాలలో 1960 ప్రాంతం నుంచీ అడవి ఎర్రకాళ్ల కొంగలు వాటంతట అవే వచ్చి గూళ్లు కడుతున్నాయి. బోనులో పక్షులు కావవి. ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి ఎ.జె. ఉర్ఫీ వాటిని ఏళ్ల తరబడి పరిశీలించారు. అవి గూడు కట్టడం వానల్ని బట్టే నడుస్తుంది. నగరంలో పడుకుని, యమున వెంటా చుట్టుపక్కల నీళ్లలోనూ మేసి వస్తాయి. ఆ కొంగల జన్యువుల్ని చదవడానికి కావలసిన గుర్తుల్ని కూడా ఆ విశ్వవిద్యాలయం వాళ్లే సిద్ధం చేశారు. మన ఉప్పలపాడుదీ ఇదే కథ. గుంటూరు పక్కనే ఉన్న చిన్న ఊరి చెరువులు అవి. అంత పక్షికి ఆ నీళ్లలో మేత దొరకదు. ఊళ్లోవాళ్లు చెరువు వదిలిపెట్టి వాటికి రక్షణ ఇచ్చారు, వాళ్లకు దండం పెట్టాలి. కానీ తిండి పెట్టేది చుట్టూ ఉన్న కాలవలు, వరిచేలు, కృష్ణ, కొల్లేరు. పడకగది చూపించి వంటిల్లు అక్కర్లేదంటే ఎవరూ ఒప్పుకోరు. పక్షుల విషయంలో మాత్రం దాన్నే వాదనగా చెబుతున్నారు.

పట్నం చెరువుతో వచ్చే ఇంకో ప్రమాదం గురించి మన వైపు ఎవరూ మాట్లాడరు. పార్కు చెరువుల్లో అందానికి పెంపుడు బాతుల్ని వదులుతారు. పెంపుడు బాతుల్లో చాలా రకాలు అడవి మల్లార్డు బాతు సంతతి. అది దగ్గర జాతుల్లో దేనితోనైనా జతకడుతుంది. న్యూజిలాండ్‌లో అక్కడి బూడిదరంగు బాతు, హవాయిలో అక్కడి కొలోవా బాతు ఇలాగే మల్లార్డుతో కలిసి కలిసి సొంత రూపం పోగొట్టుకుంటున్నాయి. మన చుక్కమూతి బాతు ఆ వంశానికి దగ్గర చుట్టమే. కోతలయ్యాక చేలల్లో బాతుల మందల్ని తోలుకుపోయేవాళ్ల జోలికి నేను పోవడం లేదు, అది వాళ్ల బతుకు, మంద ఎప్పుడూ మనిషి కనుసన్నల్లో ఉంటుంది. కాపలా లేకుండా చెరువులో వదిలేసి పోయే మున్సిపాలిటీ బాతుల గురించే నా అభ్యంతరం.

ఇవన్నీ విన్నాక కొందరు చివరి మాటగా, అవసరమైతే జూలో పెంచి వదులుదాం అంటారు. చైనాలో 1981లో ఎర్రమొహం కంకణం పక్షులు అడవిలో ఏడంటే ఏడే మిగిలాయి. ఆ ఏడింటిని కాపాడి, పెంచి, ఈ రోజు వేలకు చేర్చారు. జపాన్‌లో తమ సొంత గుంపు అంతరించాక చైనా ఇచ్చిన అయిదు పక్షుల నుంచి సాడో దీవిలో కొత్త గుంపును లేపారు. గొప్ప శ్రమ, గొప్ప ఫలితం. కానీ ఈ రోజున్న వేల పక్షులూ ఆ ఏడింటి వారసత్వమే. ఏ జత ఏ జతతో కలవాలో పుస్తకాల్లో రాసుకుని కాపలా కాయాల్సిన స్థితి. ఆ అగచాట్లలో పడకముందే, ఇంకా వేలల్లో ఉన్నప్పుడే, వైవిధ్యం ఇంకా చేతిలో ఉన్నప్పుడే జాగ్రత్తపడమని ఆ కథ మనకు చెబుతోంది. మనం దాన్ని తిరగేసి చదువుకుంటున్నాం.

రొయ్యల రైతు కష్టం నాకు తెలియనిది కాదు. చెరువు మీద నీటికాకుల గుంపు దిగితే ఒక పూటలో పంట కరిగిపోతుంది, ఒక చెరువు రోగాన్ని ఇంకో చెరువుకు పిట్ట మోసుకొస్తుందన్న భయమూ ఉంది. అందుకే వల కడతాడు, దారాలు లాగుతాడు, టపాకాయలు కాలుస్తాడు. అతన్ని నిందించి ప్రయోజనం లేదు. 1999లో కొల్లేటిలో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అని కాగితం మీద గీత గీసి, 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చి, తర్వాత కూడా చేపల చెరువుల్ని పెరగనిచ్చి, 2006లో ఒక్కసారిగా మందుగుండు పెట్టి గట్లు పేల్చిన విధానాన్ని నిందించాలి. పక్షికీ రైతుకీ మధ్య ఆ గొడవ పెట్టింది ఆ విధానం. పర్రలో, మడలో పక్షికి మేత మిగిలితే రైతు చెరువు మీద పడే పక్షి తగ్గుతుంది. ఇద్దరి మేలూ ఒకే చోట ఉంది.

దివిసీమ వాళ్లకు మడ విలువ వేరే చెప్పనవసరం లేదు. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన సొర్లగొందిని ఏం చేసిందో ఇక్కడి ప్రతి ఇంటికీ తెలుసు. మడ ఉన్న చోట నీటి దూకుడు తగ్గిందని చెప్పుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. 1989లో ఇక్కడి మడను కలుపుకుని కృష్ణా అభయారణ్యం ఏర్పడింది, సుమారు 195 చదరపు కిలోమీటర్లు. పాటు వేళ ఎదురుమొండి వైపు నీళ్లు తీసినప్పుడు బయటపడే ఒండ్రును చూడండి. అడుగు వేస్తే మోకాలి దాకా దిగే ఆ బురదలో పీతలు, పురుగులు, చిన్న నత్తలు, వాటి కోసం ఉల్లంకి పిట్టలు, ఆ వెనక తెల్లకొంగలు. పోటు రాగానే అంతా మడ కొమ్మల మీదికి చేరుతుంది. పట్నం చెరువు ఏ జన్మకీ ఇవ్వలేనిది ఇది. రేవులకీ రోడ్లకీ చెరువులకీ ఇందులోంచి ముక్కలు అడిగినప్పుడల్లా, పక్షులు ఆటపాకలో బాగానే ఉన్నాయిగా అన్న జవాబు వినబడుతోంది. ఆ జవాబు చెల్లదు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. గూళ్లు ఒక్క చెరువులో కుక్కుకోకుండా కైకలూరు, గుడివాడ, బందరు చుట్టూ పాత ఊరచెరువుల గట్ల మీద, లంకల మీద నల్లతుమ్మలూ తెల్లతుమ్మలూ లేవనివ్వాలి. గూళ్లున్న నెలల్లో రెట్టల కంపు పేరుతో మున్సిపాలిటీలు కొమ్మలు కొట్టడం ఆపాలి. పత్రికలు ఆ సైబీరియా ముక్క రాయడం మానాలి.

వచ్చే జనవరి గణనలో ఇంకొక్క పని చేయాలి. గూళ్ల కింద, ఒండ్రు గట్ల మీద రాలిన ఈకలు ఎలాగూ ఉంటాయి. ఈక మొదట్లో, కాడ లోపల, జన్యుపదార్థం ఉంటుంది. అటవీ శాఖ అనుమతితో వాటిని ఏరి, ప్లాస్టిక్‌లో చెమర్చకుండా కాగితం కవర్లలో ఆరబెట్టి, ఏ చెరువో ఏ తేదీనో రాసి దాచాలి. ఆటపాకవి, ఉప్పలపాడువి, తేలినీలాపురానివి, నేలపట్టువి, మన నాగాయలంకవి వేరువేరుగా. అంతరించిపోతున్న జంతువుల పరిశోధన కోసమే సీసీఎంబీ హైదరాబాద్ అత్తాపూర్‌లో లాకోన్స్ అనే ప్రయోగశాల నడుపుతోంది. ఈకలు అక్కడికి చేరితే, ఏ చెరువు గుంపు ఏ చెరువు గుంపుతో కలుస్తోందో, ఎక్కడ ఇరుకు మొదలైందో ఏటికేడు తెలుస్తుంది. పక్షులు బాగానే ఉన్నాయని అనదలచినవాళ్లు అప్పుడు ఆ కాగితాలు ముందు పెట్టుకుని అనాలి.